గాలికి వదిలిన కోత

కెనడా పడమటి తీరానికి ఆవల, పసిఫిక్ సముద్రంలో హైడా గ్వాయ్ అనే దీవులున్నాయి. ఎప్పుడూ వాన, పొగమంచు, నాచు పట్టిన మహా వృక్షాలు. ఆ దీవుల్లోకెల్లా పెద్ద నది యాకూన్. దాని ఒడ్డున, పట్టపగలు కూడా చీకటిగా ఉండే ముదురు పచ్చ అడవి నడుమ, ఒక్క చెట్టు మాత్రం బంగారు రంగులో ఉండేది. మబ్బు విడిచి ఎండ పడితే అది లోపలి నుంచి వెలుగుతున్నట్టు ఉండేదని చూసినవాళ్లు చెప్పుకునేవారు. ఎత్తు దాదాపు 50 మీటర్లు. మొదలు దగ్గర రెండు మీటర్లకు పైగా లావు. వయసు మూడు వందల ఏళ్లు దాటింది. 1997 జనవరిలో ఒక మనిషి, ఒక గొలుసు రంపం, ఒక పెనుగాలి కలిసి దాన్ని పడగొట్టాయి.

చెట్టు ఏ రకమో కూడా చెప్పాలి. సిట్కా స్ప్రూస్. మన హిమాలయాల్లోని దేవదారుకు దూరపు చుట్టం. తేలిగ్గా ఉండి గట్టిగా నిలిచే కర్ర కనుక రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ విమానాల తయారీకి ఈ దీవుల నుంచి దీన్ని కోసుకుపోయారు. యాకూన్ ఒడ్డు చెట్టులో ఒక జన్యులోపం ఉంది. ఎండ తగిలిన సూదుల్లో పత్రహరితం నిలవదు, అవి పసుపు రంగుకు తిరుగుతాయి. నీడలో ఉన్న లోపలి సూదులు మాత్రం పచ్చగానే ఉంటాయి. ఆకులో పచ్చదనం తక్కువైన మొక్క అడవిలో పెద్దదవడమే గొప్ప. పక్క చెట్లతో వెలుతురు కోసం పోటీపడి, వాటికి సమానంగా ఎదిగి, మూడు శతాబ్దాలు నిలవడం ఎలా సాధ్యమైందో వృక్షశాస్త్రజ్ఞులకే ఆశ్చర్యంగా ఉండేది.

హైడా ప్రజలకు అందులో ఆశ్చర్యమేమీ లేదు. వాళ్ల దృష్టిలో అదొక పిల్లవాడు. కీడ్ కియాస్ అని పిలిచేవారు. ఆ కథ ఇలా చెబుతారు. ఒక కుర్రవాడు సముద్రం పట్ల అపచారం చేశాడు. దాంతో మంచు కురవడం మొదలైంది, కురిసి కురిసి ఊరినంతా కప్పేసింది. జనమంతా పోయారు. తాతా మనవడూ మాత్రం ఎలాగో బయటపడి నడక సాగించారు. వెనక్కి తిరిగి చూడొద్దన్నాడు తాత. ఊరు మీద మమకారం చంపుకోలేక పిల్లవాడు చూశాడు. చూసిన చోటే కాళ్లు నేలలో దిగబడి వేళ్లయ్యాయి. తాత లాగి చూశాడు, ఏడ్చాడు, చివరికి లోకం ఉన్నంతకాలం జనం నిన్ను చూసి ఈ సంగతి తలుచుకుంటారని చెప్పి వెళ్లిపోయాడు. రావికీ వేపకూ పెళ్లి చేసే ఊళ్లలో పుట్టిన మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ చెట్టు అప్పటికి ఎన్ని చూసిందో! 1862లో మొదలైన మశూచి హైడా ఊళ్లను ఊడ్చిపెట్టేసింది. వేలల్లో ఉన్న జనం ఆ శతాబ్దం చివరికి వెయ్యి లోపుకు పడిపోయారు. ఊళ్లకు ఊళ్లు పాడుపడ్డాయి, చెక్కిన స్తంభాలు వానకు నానుతూ మిగిలాయి. తరవాత కలప కంపెనీలు వచ్చాయి. 1961లో ప్రభుత్వం అక్కడి అడవిని లైసెన్సు ఇచ్చి ఒక పెద్ద సంస్థకు అప్పగించింది. ఆ సంస్థ మాక్‌మిలన్ బ్లోడెల్. 1985లో లయల్ ద్వీపంలో హైడా పెద్దలు, అమ్మమ్మలు కలప లారీల దారికి అడ్డంగా కూర్చుని అరెస్టయ్యారు. ఇంత జరిగినా బంగారు చెట్టు జోలికి ఎవరూ పోలేదు. కంపెనీ కూడా దాని చుట్టూ కొద్దిపాటి అడవిని ఉంచి, ఎదుటి ఒడ్డు దాకా కాలిబాట వేసింది. పోర్ట్ క్లెమెంట్స్ అనే చిన్న ఊరికి పర్యాటకులు వచ్చేది చాలావరకు ఆ చెట్టును చూడడానికే. ఇవతల ఒడ్డున నిలబడి, నదికి ఆవల ఉన్న చెట్టును చూసి వెళ్లేవారు. మధ్యలో నది ఉంది కనుక దాని దగ్గరికి పోయే అవసరం ఎవరికీ రాలేదు.

ఒక్కడికి వచ్చింది.

థామస్ గ్రాంట్ హాడ్విన్ 1949లో పుట్టాడు. నగరంలో, కలిగిన ఇంట్లో పెరిగినా కుర్రతనంలోనే చదువు వదిలేసి కలప పనిలోకి దిగాడు. బ్రిటిష్ కొలంబియా కొండల్లో గోల్డ్ బ్రిడ్జ్ అనే మారుమూల ఊళ్లో కాపురం పెట్టాడు. పెళ్లి, పిల్లలు, తన చేతులతో కట్టుకున్న ఇల్లు. అడవిలో అతన్ని మించినవాడు లేడని తోటివాళ్లు అనేవారు. ఏ కొండవాలులో ఏ చెట్లున్నాయో చూసి, వాటిని కిందికి దించడానికి రోడ్డు ఎటు పోవాలో గీయడం అతని ఉద్యోగం. అంటే యంత్రాలకు ముందు నడిచి దారి చూపే మనిషన్నమాట. తను గీసిన దారిలోనే రంపాలు వచ్చాయి. రంపాల వెనక లారీలు వచ్చాయి. కొన్నేళ్ల తరవాత అదే లోయకు తిరిగి వెళితే మొద్దులు తప్ప ఏమీ మిగలలేదు.

ఆ సంగతి అతన్ని లోపల నుంచి తొలిచింది. ఇలా నరకొద్దని, నేల కొట్టుకుపోతుందని పైవాళ్లకు రాశాడు. ఎవరూ వినలేదు. 1980లలో ఉద్యోగం వదిలేశాడు. తరవాత అతని మనసు ఒక చోట నిలవలేదు. దర్శనాలు కలిగాయన్నాడు. అధికారులకు, పత్రికలకు పొడవాటి ఉత్తరాలు రాశాడు. కుటుంబం దూరమైంది. వైద్యం కూడా జరిగింది. నడి చలికాలంలో యూకాన్ నదిలో దిగి ఈదేవాడు. ఒంటిని దేనికో సిద్ధం చేసుకుంటున్నాడని చూసినవాళ్లకు తరవాత తోచింది. అతన్ని వెర్రివాడని తోసేయడం సులువు. నాకు మాత్రం ఆ లోయలు కళ్లముందు మెదులుతాయి. తన చేత్తో గీసిన గీత వెంట ఒక అడవి మాయమైతే, ఆ చేతిని మనిషి ఎక్కడ దాచుకుంటాడు?

ఇక రంపం సంగతికి వస్తాను. అది లేకుండా ఈ కథ అర్థం కాదు.

గొడ్డలితో, ఇద్దరు లాగే పొడుగు రంపంతో పని జరిగిన రోజుల్లో చెట్టుకు కొంత గడువు ఉండేది. 1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ కరెంటుతో నడిచే గొలుసు రంపం చేశాడు. అరవై కిలోలకు పైగా బరువు, ఇద్దరు పట్టుకోవాలి. మూడేళ్లకు అతని పెట్రోలు రంపం వచ్చింది, అదీ ఇద్దరి బరువే. గొలుసు పళ్లు కూడా మొద్దువే, తరచూ సాన పట్టాల్సివచ్చేది. 1946లో అమెరికాలోని ఒరెగన్‌లో జోసెఫ్ కాక్స్ అనే కలప పనివాడు ఒక మొద్దులో పురుగు పిల్లను చూశాడు. అది తన వంకర దవడలతో కర్రను అటూ ఇటూ తొలుచుకుంటూ పోతోంది. అడ్డం నిలువు తేడా దానికి లేదు. ఆ దవడ ఆకారాన్నే ఉక్కులో దించి కొత్త గొలుసు చేశాడు కాక్స్. ఇవాళ లోకంలో తిరిగే రంపపు గొలుసులు చాలావరకు ఆ పురుగు దవడ వంశానివే. 1959 నాటికి ఒక్క మనిషి భుజాన వేసుకుని కొండెక్కగలిగే రంపాలు వచ్చేశాయి. అంతవరకు పూటంతా పట్టే కోత నిమిషాల్లోకి దిగింది. ఉత్తర పసిఫిక్ తీరంలో వెయ్యేళ్ల అడవి ఒకే తరం మనుషుల కళ్లముందు కొండలు దిగి ఓడలెక్కింది.

ఇంత వేగంగా పనిచేసే యంత్రం అయినా, దాన్ని పట్టే చెయ్యికి మాత్రం ఓర్పు కావాలి. హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మర్నాటి నుంచి విశాఖ వీధుల్లో ఎక్కడ చూసినా ఈ మిషన్ల మోతే. అక్కడొక పెద్దాయన్ని చూశాను. అడ్డంగా పడిన నిద్రగన్నేరు మానును కోస్తూ కోస్తూ టక్కున ఆపేశాడు. ఇంజను బాగానే ఉంది, చైను తిరుగుతూనే ఉంది. ఆయన చూసింది కింద రాలుతున్నదాన్ని. అప్పటిదాకా వేలి గోరంత పేళ్లు పడుతున్నాయి, ఇప్పుడు పిండిలాంటి పొట్టు పడుతోంది. పళ్లు మొద్దుబారాయన్నమాట. ఇంకా నొక్కి కోస్తే చైను తిరిగే బార్ వేడెక్కుతుంది, కోత వంకర తిరుగుతుంది, మనిషి చెయ్యి అలిసిపోయి ప్రమాదం తెచ్చుకుంటుంది. రోడ్డు పక్కన కూర్చుని జేబులోంచి గుండ్రటి ఆకురాయి తీశాడు. ప్రతి పంటికీ ఒకే కోణం, లోపలి నుంచి బయటికే తోపు, అన్ని పళ్లకూ అన్నే తోపులు. కుడివైపు పళ్లన్నీ అయ్యాక మిషన్ తిప్పి ఎడమవైపువి. ఒకవైపు పళ్లు పొడుగై రెండోవైపువి పొట్టివైతే రంపం నిటారుగా దిగదు, పక్కకు ఈడ్చుకుపోతుంది. చుట్టూ జనం తొందరపెడుతున్నా ఆయన తలెత్తలేదు.

మంచి కోతగాడు యంత్రాన్ని చెవితో చదువుతాడు. వేగం ఇవ్వగానే గొంతు పట్టినట్టు ఆగిపోతే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పుతాడు. పొట్టు పట్టి ఉంటుంది. తాడు ఎన్నిసార్లు లాగినా అంటుకోకుండా పెట్రోలు వాసన గుప్పున కొడితే లోపల ఇంధనం నిండిపోయిందని గ్రహించి ప్లగ్ ఊడదీసి తుడిచి, చోక్ తీసేసి, నాలుగుసార్లు వట్టిగా లాగి మళ్లీ బిగిస్తాడు. వేగం తగ్గించి వదిలినా చైను తిరుగుతూనే ఉంటే క్లచ్ స్ప్రింగో, మరీ పైకి పెట్టిన ఐడిల్ మరనో చూస్తాడు. అలాంటి మిషన్‌తో అడుగు కూడా వేయడు. బార్ కొనను ఒక మొద్దు మీదికి చూపించి వేగం పెంచితే సన్నటి నూనె చార పడాలి. పడకపోతే చైనుకు నూనె అందడం లేదు, పావుగంటలో బార్ పాడవుతుంది. చైను బిగువు సంగతి వేళ్లతోనే తెలుస్తుంది. బార్ కింద వేలాడకూడదు, అలాగని చేత్తో లాగితే జరగకుండానూ ఉండకూడదు. పెట్రోలులో నూనె పాళ్లు తప్పితే పిస్టన్ పట్టేస్తుంది. ఇక నీళ్లలో తడిసిన రంపాన్ని ఆరబెట్టకుండా లాగినవాడు పనివాడే కాదు.

యంత్రం తరవాత చెట్టు. కోతకు ముందు చెట్టు చుట్టూ తిరిగి చూడాలి. ఎటు వాలి ఉంది, బరువు కొమ్మలు ఎటున్నాయి, పైన విరిగి వేలాడే కొమ్మలేమైనా ఉన్నాయా, కూలేటప్పుడు తను ఎటు పరిగెత్తాలి. ఆ తరవాత, పడాల్సిన వైపున ముందు గాటు పెట్టాలి. మాను లావులో నాలుగోవంతు నుంచి మూడోవంతు దాకా లోతుగా, తెరిచిన నోరులా ఒక చెక్కు తీసేయాలి. ఉత్తర పసిఫిక్ తీరంలో ఆ నోటిని కిందివైపుకు, మొద్దులోకి తెరుస్తారు. అలా చేస్తే దుంగ అంచు చెడకుండా దక్కుతుంది. తరవాత వెనకనుంచి కోత మొదలవుతుంది. అది ముందు గాటు దాకా వెళ్లకూడదు. మధ్యలో కొంత చెక్కను అడ్డంగా, ఒకే మందంతో వదలాలి. సాధారణంగా మాను లావులో పదోవంతు. చెట్టుకు అది తలుపుకు మడతబందు లాంటిది. పడేటప్పుడు అది వంగుతూ చెట్టును దారి తప్పకుండా దించుతుంది. ఎక్కువ వదిలితే చెట్టు కదలదు, మాను నిలువునా చీలి మీదికి ఎగదన్నవచ్చు. తక్కువ వదిలితే ఇక చెట్టు ఎటు పోతుందో దేవుడికి తప్ప తెలియదు. కోత మూసుకుపోయి బార్ ఇరుక్కోకుండా వెనక ప్లాస్టిక్ వెడ్జీలు కొడుతూ పోతారు. రెండు మీటర్ల మానును మామూలు బార్‌తో ఒక పక్కనుంచి కోయలేరు. అటూ ఇటూ మారుతూ, రెండు కోతలు ఒకే మట్టాన కలిసేలా దించాలి. లోపల ఎంత చెక్క మిగిలిందో కంటికి కనబడదు. చేతికి తెలియాలి, అంతే.

ఆ లెక్క చేతికి తెలిసినవాడు హాడ్విన్.

1997 జనవరి 20 రాత్రి అతను యాకూన్ ఒడ్డుకు వచ్చాడు. నడి చలికాలం. రంపం, ఇంధనం, వెడ్జీలు నీళ్లు చొరబడకుండా కట్టుకుని నదిలో దిగి వాటిని ఈడ్చుకుంటూ ఈదాడు. ఆ నీళ్లలో మామూలు మనిషి వేళ్లు నిమిషాల్లో కొంకర్లు పోతాయి. అతను అవతలి ఒడ్డెక్కి, అదే వేళ్లతో రంపం లాగి, చీకట్లో గంటల తరబడి పనిచేశాడు. ముందు గాటు, వెనక కోత, అన్నీ శాస్త్రప్రకారం. అయితే చెట్టును పడగొట్టలేదు. నిలబడేందుకు సరిపోయేంత, గాలికి ఆగలేనంత చెక్క మాత్రం మిగిల్చి ఆపేశాడు. మళ్లీ నది ఈది వెళ్లిపోయాడు.

అక్కడ ఆగిపోతాను ప్రతిసారీ. కోత పని నేర్చిన వాళ్లెవరైనా సగం కోసిన చెట్టును వదిలి వెళ్లరు. ఆ పనిలో మొదటి పాఠమే అది. కింద ఎవరు నడుస్తారో, ఏ గాలి ఎప్పుడొస్తుందో తెలియదు కనుక, మొదలుపెట్టిన చెట్టును కూల్చాకే భోజనానికైనా పోవాలంటారు. ఆ నియమం అతనికి తెలియనిది కాదు. తెలిసే దాన్ని తలకిందులు చేశాడు. ఒక రాత్రి, ఒక పగలు, మరో రాత్రి ఆ చెట్టు అలాగే నిలబడింది. ఎదుటి ఒడ్డు నుంచి చూసేవాళ్లకు తేడా తెలియదు. సూదులు అంతే పసుపు, కొమ్మలు అంతే నిండుగా. వేళ్ల నుంచి పైకి పోయే దారులు దాదాపు అన్నీ తెగిపోయాయి, తల ఇంకా నిలిచే ఉంది. 22న పెనుగాలి వచ్చింది. మిగిలిన ఆ కొద్ది చెక్కా విరిగింది.

అతను అప్పటికే దీవులు దాటి, అవతలి తీరంలోని ప్రిన్స్ రూపర్ట్ ఊరు చేరుకుని ఉత్తరం పంపాడు. గ్రీన్‌పీస్‌కు, వాంకూవర్ పత్రికకు, కలప కంపెనీకి, హైడా ప్రతినిధులకు. ఆ పని చేసింది తనేనని దాచలేదు. చదువుకున్న నిపుణుల మీద, అడవిని పాడుచేసే పరిశ్రమ మీద తనకున్న ద్వేషం అందులో కుమ్మరించాడు. చెట్టును చంపడం తనకు ఇష్టమై చేయలేదని, జనాన్ని మేల్కొలపడానికే చేశానని ఉంది దాని సారాంశం. అతని వాదం ఇది: చుట్టూ అడవంతా నరికేస్తూ ఒక్క వింత చెట్టును కంపెనీ ముద్దుగా పెంచుకుంటోంది, జనం దాన్ని చూసి మురిసిపోయి మిగతాది మరిచిపోతున్నారు, ఆ ముసుగు తీసేయాలి.

ఆ వాదంలోని మొదటి సగం నిజం. అందుకే ఈ కథ ఇంత బాధిస్తుంది. అడవి పోతోందని అతను చెప్పింది అక్షరాలా జరిగింది, జరుగుతోంది. కానీ ఆ చెట్టును కంపెనీ ఆస్తిగా చూశాడే, అక్కడే చూపు గుడ్డిదైంది. ఒక జాతి తన బిడ్డగా చెప్పుకున్న చెట్టును అతను కంపెనీ లెక్కల పుస్తకంలోని చెట్టుగానే చూశాడు. తను అసహ్యించుకున్న కంపెనీ కళ్లతోనే చూశాడు. పడమటి తీరం కలప మనిషిగా ఇరవై ఏళ్లు పైబడి నేర్చిన ప్రతి పాఠమూ ఆ రాత్రి అతనికి అక్కరకొచ్చింది. ఆ చెట్టు ఎవరిదో చెప్పే పాఠం మాత్రం ఆ బడిలో లేదు. అతని మీద నాకు కోపం ఉంది. ఆ కోపం పక్కనే అతని మీద జాలి కూడా ఉంది. రెండూ తగ్గడం లేదు.

హైడాలకు అది చావు కబురే. చెట్టు దగ్గర చేరి, తమ పెద్దల్లో ఒకరు పోతే ఎలా చేస్తారో అలా కర్మ జరిపారు. పోర్ట్ క్లెమెంట్స్‌లో కలప పని చేసుకునే కుటుంబాలు కూడా ఏడ్చాయి. రోజూ రంపం పట్టే చేతులే, అయినా ఆ ఒక్క చెట్టు వాళ్లకూ తమ ఊరి చెట్టే. ఆ ఊళ్లోనే తిరుగుతుండే తెల్ల కాకి ఒకటుండేది. హైడా గాథల్లో లోకానికి వెలుగు తెచ్చింది కాకే. ఆ ఏడాదే అది కరెంటు తీగలకు తగిలి చనిపోయింది. ఇప్పుడు ఊరి మ్యూజియంలో గాజుపెట్టెలో ఉంది. ఒకే ఏడాది రెండు పోవడాన్ని అక్కడివాళ్లు యాదృచ్ఛికం అనుకోలేదు. అనుకోమని చెప్పడానికి నేనెవర్ని?

పోలీసులు హాడ్విన్‌ను అరెస్టు చేశారు. ఆస్తికి నష్టం కలిగించడం, అనుమతి లేకుండా కలప కోయడం. చట్టంలో ఆ చెట్టు చావుకు దొరికిన పేర్లు ఆ రెండే. ఫిబ్రవరి 18న దీవుల్లోని మాసెట్ ఊరి కోర్టుకు హాజరు కమ్మని చెప్పి వదిలారు. ఆ దీవుల మీద అప్పుడు అతని పేరు చెబితే జనం పళ్లు కొరుకుతున్నారు. ఓడలోనో విమానంలోనో వెళ్తే ప్రాణానికి ముప్పని, కయాక్‌లో సముద్రం దాటి వెళ్తానన్నాడు. ప్రిన్స్ రూపర్ట్‌కూ ఆ దీవులకూ నడుమ ఉన్నది హెకాటే జలసంధి. వంద కిలోమీటర్లకు పైగా నీళ్లు, లోతు తక్కువ, గాలి లేస్తే అలలు నిటారుగా లేస్తాయి. పెద్ద పడవలే చలికాలంలో దానికి భయపడతాయి. ఫిబ్రవరి నడిమిలో ఒక్కడూ తెడ్డేసుకుంటూ బయలుదేరాడు.

కోర్టుకు రాలేదు. జూన్‌లో, ఉత్తరాన అలాస్కా సరిహద్దు దాటాక ఉన్న మేరీ ద్వీపం అనే నిర్జన దీవిలో విరిగిన కయాక్, అతని సామాను కొంత దొరికాయి. మనిషి దొరకలేదు. అడవిలో ఎన్ని నెలలైనా బతకగలిగినవాడు కనుక, అదంతా నాటకమని, ఇంకా ఎక్కడో ఉన్నాడని నమ్మేవాళ్లు కొందరున్నారు. హైడాలు పంపించేశారని గుసగుసలాడినవాళ్లూ ఉన్నారు. నాకు ఆ నీళ్లను నమ్మడమే తేలిక.

చెట్టుకు వారసత్వం నిలపాలని చాలామంది తాపత్రయపడ్డారు. 1977లోనే బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు దాని కొమ్మలు తెచ్చి మామూలు స్ప్రూస్ మొక్కలకు అంటుకట్టి పెంచారు. చెట్టు పడ్డాక కూడా కొమ్మలు కోసి అంట్లు కట్టారు. గింజ వేస్తే ఆ రంగు వస్తుందన్న నమ్మకం లేదు కనుక అంట్లు తప్ప దారి లేదు. కానీ కొమ్మ నుంచి తీసిన అంటుకు తను కొమ్మనన్న జ్ఞాపకం పోదు. నిటారుగా లేవకుండా పక్కకు పాకుతుంది. కర్రకు కట్టి, పక్క రెమ్మలు తుంచి, ఏళ్ల తరబడి దానికి నిలబడడం నేర్పాలి. మూడు వందల ఏళ్లకు ఏదైనా ఒకటి యాభై మీటర్లు లేస్తుందేమో. చూడడానికి మనం ఉండం.

పడిన మాను నది ఒడ్డునే కుళ్లుతూ ఉంది, దాని మీద కొత్త మొక్కలు మొలిచాయి. దాన్ని కోసి అమ్ముకుందామన్న ఆలోచనను హైడాలు రానివ్వలేదు. చాలా ఏళ్ల తరవాత, ఒక్క చిన్న పని కోసం ఒప్పుకున్నారు. కెనడాలోని అన్ని ప్రాంతాల నుంచి, అన్ని జాతుల నుంచి ముక్కలు పోగుచేసి ఒక గిటారు చేస్తామని జోవీ టేలర్ అనే ఆయన అడిగాడు. గిటారులో శబ్దం పుట్టేది పైపలక నుంచి. ఆ పైపలకకు బంగారు చెట్టు చెక్క ఇచ్చారు. 2006 జూలై 1న, కెనడా దినోత్సవం రోజు, ఒట్టావాలో అది మొదటిసారి మోగింది. సిట్కా స్ప్రూస్ చెక్క తంత్రీవాద్యాలకు మహా మంచిదని వాద్యాలు చేసేవాళ్లందరికీ తెలుసు. ఈ చెక్కను మాత్రం ఆ కారణంగా ఎవరూ కోరుకుని ఉండరు. ఒక అరుదైన మాను మీద అడుగున్నర పలక తీయడానికి మనుషులు ముందు అనుమతి అడిగి, తరవాతే రంపం పట్టుకున్నారు. 1997లో ఒక మనిషి అడగకుండా చేసిన పనికీ దీనికీ ఉన్న దూరం అంతా అక్కడ ఉంది.

చెట్టు కూలే నాటికి ఆ నేల కాగితాల మీద మాక్‌మిలన్ బ్లోడెల్ లైసెన్సు కింద ఉంది. రెండేళ్లకు ఆ కంపెనీ వెయర్‌హౌజర్ చేతికి పోయింది, లైసెన్సు కూడా దానితోపాటే పోయింది. తమను అడగకుండా తమ అడవిని చేతులు ఎలా మారుస్తారని హైడాలు కోర్టుకెక్కారు. 2004లో కెనడా సుప్రీంకోర్టు వాళ్ల మాట నిలబెట్టింది. హక్కు ఇంకా కోర్టులో రుజువు కాకపోయినా సరే, ఆ నేల మీద నిర్ణయం తీసుకునే ముందు ప్రభుత్వం వాళ్లతో సంప్రదించి తీరాలంది. ఇరవై ఏళ్ల తరవాత, 2024 ఏప్రిల్‌లో, ఆ దీవుల నేల మొత్తం మీద హైడాల హక్కును గుర్తిస్తూ బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం ఒప్పందం మీద సంతకం చేసింది. యాకూన్ ఒడ్డున ఆ మొద్దు ఉన్న చోటు కూడా అందులో ఉంది.